డేటా సెంటర్లలో బ్యాటరీల పోషణము



ఉత్తరవాహినియగు వరాహనది యొడ్డున, బ్రహ్మలింగేశ్వరస్వామి సన్నిధిని గల యీ బలిఘట్టమున సభ జరుగుచుండగా, మేము పురాణవిషయ మేదైన ప్రసంగింతుమని మీరు తలచియుందురు. నేడు మేము మాటాడబూనినది బ్యాటరీలను గూర్చి. దీనికి కారణము కలదు. 2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థ, అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి విశాఖపట్టణ ప్రాంతమున డేటా సెంటర్లను నెలకొల్పుదునని ప్రకటించినది. వానికి ఎన్నుకొన్న చోట్లలో మన అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లియు నొకటి. మన పిల్లలందఱును సాఫ్టువేరు కొలువులకే ఎదురు చూచుచున్నారు. ఆ భవనములలో వేఱొక కొలువు గూడ కలదని వారికి చెప్పువారు లేరు.

డేటా సెంటరనగా కంప్యూటర్ల కొఠారు. బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి పత్రములు, భూముల అడంగళ్లు అట్టి చోట్లనే నిలువయుండును. కరెంటు పోయినచో డీజిలు జనరేటరు లేచి భారము నెత్తుకొనుటకు కొన్ని సెకండ్లు మొదలు ఒక నిమిషము వరకు పట్టును. ఆ నడిమి కాలమును మోయునవి బ్యాటరీలు. (సంస్కృతము చదివిన మాబోటివారు విద్యుత్కోశ మనవచ్చును, ఆ గదిలో పనిచేయువాడు బ్యాటరీ యనును గాన మేమును అదే యందుము.) ఏడాదిలో అవి పనిచేయునది నిమిషములు మాత్రమే, తక్కిన కాలమంతయు ఊరక కూర్చుండును. ఊరక కూర్చున్నవాని రోగము బయటపడదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు రోజుల తరబడి లేనప్పుడు, సెల్‌ఫోను టవర్లు మూగవోయి బిడ్డల క్షేమము తెలియక మనవారెట్లు తల్లడిల్లిరో మఱచితిరా?

12 వోల్టుల సీసపు బ్యాటరీలు 40 వరుసగా కలిపినారనుకొందము. ఒక్కొక్కదానికి 13.5 వంతున, వరుసకు 540 వోల్టులు యంత్ర మెల్లప్పుడును ఇచ్చుచుండును. అందొకదానిలో ఒక సెల్ చెడి 11.3 వోల్టులకు దిగజారినను, మిగిలిన 39యు రవంత పైకి జరిగి, మొత్తము 540గానే నిలుచును. వాకిట మీటరు చూచి పోవువానికి అంతయు సరిగానే తోచును. తరగతి సరాసరి మార్కులు బాగున్నవని సంతసించి పోయిన తనిఖీదారులను మేము చాలమందిని చూచితిమి. వెనుక బెంచీ పిల్లవాని సంగతి సరాసరిలో కానరాదు. అయినను ఆ పిల్లవాడు తప్పినచో తానొక్కడే తప్పును. ఇచ్చట నట్లు గాదు. వరుసలో ఒకటి తెగెనేని 40యు నిరర్థకములు.

గాన దేనికదిగా వోల్టేజిని, లోపలి నిరోధమును కొలిచి, వ్రాసి, అమర్చిన నాటి అంకెతో సరిచూడవలెను. ఇది నాడీపరీక్ష వంటిది. నిరోధము పెరుగుచున్నదనగా ఆయువు తఱుగుచున్నదన్న మాట. గది వేడిమి 25 డిగ్రీల దరి నుండవలెను; 8, 10 డిగ్రీలు హెచ్చి అట్లే యుండినచో ఆయువు ఇంచుమించు సగమగును. బిగింపులు వదులు గాకుండ చూడవలెను. 540 వోల్టులు ప్రాణము తీయును గాన ఒంటరిగా చేయి పెట్టరాదు. నియమిత కాలమున నిజముగా భారము మోపి పరీక్షింపవలెను. శక్తి నూటికి 80 పాళ్లకు దిగినచో మార్చివేయవలెను. యజమానులకు రుచింపనిది ఈ చివరి మాటయే. పనిచేయుచున్న వస్తువును పాఱవేయుట యెట్లందురు.

దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున, 2025 సెప్టెంబరు 26వ తేదీన, ప్రభుత్వ డేటా సెంటరులో లిథియం బ్యాటరీలను వేఱొకచోటికి తరలించు పనిలో నిప్పంటుకొన్నది. అవి 2014 నాటివి; పదేండ్ల పూచీకాలము గడచినవి. ఆఱువందలకు పైబడిన ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయినవి. ఉద్యోగులు దాచుకొన్న 858 టెరాబైట్ల పత్రములు, మఱొకచోట ప్రతి లేనందున, బూడిదపాలైనవి. లిథియము తేలిక, ఆయువు హెచ్చు. రాజుకొన్నచో ఆర్పుట మాత్రము దుష్కరము. ప్రతి సెల్ వేడిమిని కనిపెట్టు ఎలక్ట్రానిక్ కావలి దానికుండును గాని, ఆ కావలి కూత విని లేచువాడు మనిషియే.

ఈ పని కాంక్షించువారికి పెద్ద పట్టములు అక్కఱలేదు. ఎలక్ట్రికల్ డిప్లొమాయో ఐ.టి.ఐ. చదువో ఉండి, చూచిన అంకెనే పుస్తకమున వ్రాయు అలవాటు గలవారైన చాలును. కొలువకయే నిన్నటి అంకెను నేడును వ్రాయువాడు ఆ గదికి నిప్పుకంటె ప్రమాదము. మన సంఘ విద్యార్థివేతనములు ఇంతవరకు ఇంజనీరింగు వారికే పోవుచున్నవి. వచ్చు సంవత్సరము రెండింటిని ఎలక్ట్రికల్ డిప్లొమా చదువు బాలబాలికలకు కేటాయింప కార్యవర్గమును కోరుచున్నాము. మొదటిదాని రుసుము మేమిత్తుము. రెండవదానికి పోషకులలో నెవరైన ఈ సభలోనే పేరు వ్రాయింతురని నమ్ముచున్నాము.