పాత యింట నల్లాధార సన్నగిలినపుడు



జమ్మికుంట వంటి పత్తి వ్యాపారపు పట్టణములలో వెనుకటి తరమువారు కట్టుకొన్న యిండ్లు నేటికిని పెక్కు గలవు. ఆ యిండ్లలో మొదట చేదబావి, తరువాత బోరు, పిదప మిద్దెపై ట్యాంకి వచ్చినవి. 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు చెంత కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైన పిమ్మట నదీజలములును గడపలోనికి వచ్చినవి. నీరు మారినది గాని, పలు యిండ్లలో గోడలలోని యినుపగొట్టములు మారలేదు. అందుచేతనే ట్యాంకి నిండుగా నున్నను బిందె నిండుటకు కాచుకొనవలసి వచ్చుచున్నది.

ఇట్టి యెడ వెంటనే గోడ పగులగొట్టింపరాదు. ముందు కొలిచి చూడవలెను. 10 లీటర్ల బకెట్టును ప్రతి నల్లా క్రింద నుంచి, నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో వ్రాసికొనుడు. ఒక్క నల్లాయే మందగించినచో దోషము తరచుగా దానియందే యుండును. మూతిలోని జాలీ విప్పిన ఇసుకయు, తుప్పుపెళ్లలును కనబడును. బోరునీటి సున్నపుపొర పట్టియున్న జాలీని నిమ్మరసములో కొంతసేపు నానవేసి తోమిన శుభ్రపడును.

అన్ని నల్లాలును మందగించినచో మిద్దె యెక్కి చూడవలెను. ట్యాంకి అడుగున బురద పేరుకొని యుండవచ్చును. గేటువాల్వు పిడి తిరుగుచున్నను, లోని బిళ్ల ఊడి క్రిందనే నిలిచియుండవచ్చును. ట్యాంకి ఖాళీయై మరల నిండిన నాటినుండి ధార తగ్గినచో, గొట్టపు వంపులో గాలి చిక్కుకొన్నదేమో యనుకొనవలెను. అన్నిటికంటె క్రిందనున్న నల్లాను పూర్తిగా విప్పియుంచిన ఆ గాలి చాలవరకు వెడలిపోవును.

నీటికి బలము ఎత్తువలన గలుగును. 10 మీటర్ల యెత్తునకు చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి యుండును. ట్యాంకి నల్లాకు 3 మీటర్ల పైన మాత్రమే యున్నచో అందులో మూడవవంతునకు లోపే లభించును. పెద్ద ట్యాంకి కొనినంత మాత్రమున ఒత్తిడి పెరుగదు. దిమ్మె కట్టి ఎత్తు పెంచవలెను. అయితే 1000 లీటర్ల నీటి బరువు ఒక టన్ను. పాత కప్పు ఆ భారము మోయగలదా యని తెలిసినవారికి చూపించిన పిదపనే ఆ పనికి పూనుకొనుడు.

నల్లా విప్పగానే ఒక్క క్షణము జోరుగా వచ్చి వెంటనే సన్నగిలినచో, ఉదయపు తొలినీరు ఎఱ్ఱగా నున్నచో, గొట్టము తుప్పుతో పూడినదని యనుమానింపవలెను. అరంగుళపు దారి పావంగుళమైనచో వైశాల్యము నాలుగవవంతగును. పారెడి నీరు అంతకంటెను తగ్గును. అపుడు గొట్టము మార్చుటయే మందు. ట్యాంకినుండి అంగుళపు ప్లాస్టిక్ గొట్టమును గోడ వెలుపలనే దింపి, అరంగుళపు కొమ్మలు తీయించినచో పాత గోడకు దెబ్బ తగులదు.

వీథి గొట్టమునుండి వచ్చు నీరే తగ్గినచో పొరుగువారిని అడుగుడు. వారికిని తగ్గినచో పురపాలక కార్యాలయమునకు తెలుపవలెను. అంతేగాని ఆ గొట్టమునకు నేరుగా మోటారు బిగింపరాదు. మోటారు పీల్చునపుడు గొట్టపు చీలికలగుండ మురుగు లోనికి చేరి పసిబిడ్డల కడుపులకు ముప్పు తెచ్చును. వీథి చివరి యింట బిందె పట్టుకొని నిలిచిన ఇల్లాలికి నీరందకుండ పోవును. నీటిని సంపులోనికి తనంత తానుగా రానిచ్చి, అచటినుండి పైకి తోడుకొనుటయే మనకును, ఇరుగుపొరుగువారికిని క్షేమము.