ఏడు కఱ్ఱల సంచి

గోల్ఫు ఆటను గూర్చి మాటలాడుటకు ముందు ఒక చిక్కు తీర్చుకొనవలసియున్నది. ఈ ఆటలో బంతిని కొట్టు సాధనమును క్లబ్బు అందురు. ఆటగాండ్రు కూడుకొను సంఘమును కూడ క్లబ్బే అందురు. రెండును ఒకే ప్రసంగములో వచ్చినచో వినువారికి తికమక తప్పదు. కావున కొట్టు సాధనమును మేము కఱ్ఱ యనియే వ్యవహరింతుము. నేడు దాని కాడ ఉక్కుతోనో కార్బను నారతోనో చేయబడుచున్నను, 1920 ప్రాంతము దాక అది నిజముగా కఱ్ఱయే. హికరీ యను అమెరికా చెట్టు కలప. ఉక్కు కాడలను అమెరికా సంఘమువారు 1924లోను, స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ వారు 1929లోను అంగీకరించిన పిదపనే కలప వెనుకబడినది.

మన పల్లెలలో గోటీబిళ్ళ ఆడు బాలునకు ఒక్క కఱ్ఱ చాలును. గోల్ఫు ఆటగానికి ఇన్ని యేల? దూరమును చేతిబలముతో గాక కఱ్ఱ తలకు గల వాలుతో కొలుచుకొనుట ఈ ఆటలోని కిటుకు. చేయి త్రిప్పు తీరు ఒకటే. కఱ్ఱ మారును, బంతి పోవు దూరము మారును. అన్నిటికంటె దూరము కొట్టు డ్రైవరు తల పది డిగ్రీల ప్రాంతమున మాత్రమే వాలియుండును. ఇసుకలోనుండి బంతిని లేపు శాండ్ వెడ్జి వాలు 56 డిగ్రీలు. ఈ రెంటి నడుమ వుడ్డులు, ఐరనులు మెట్లవలె అమరియుండును. ఐరనుకును ఐరనుకును సుమారు నాలుగు డిగ్రీల తేడా. సామాన్యుని చేతిలో అది పది పండ్రెండు గజముల తేడా. ఆ మెట్లలో ఏవి తీసివేసినను నిచ్చెన ఎక్కగలమా? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది అదియే.

నిచ్చెనకు ఎన్ని మెట్లుండవలె నన్న నియమము తొలుత లేదు. 1930 తరువాత ఉక్కు కాడలు చవుకయగుటతో సంచులు ఉబ్బిపోయెను. లాసన్ లిటిల్ అను అమెరికా ఆటగాడు ఇరువదికి పైగా కఱ్ఱలతో మైదానమునకు దిగెడివాడు. వాని వెనుక సంచి మోయు కేడీ బ్రతుకును ఊహించుకొనవలసినదే. అమెరికావారు 1938లోను, సెంట్ ఆండ్రూస్ వారు 1939లోను 14కు మించరాదని కట్టడి చేసిరి. ఆ కట్టడి నేటికిని అమలులో నున్నది. 2001 బ్రిటిష్ ఓపెను కడపటి దినమున అందరికంటె ముందున్నవారిలో ఒకడైన ఇయాన్ వూస్నమ్ మొదటి గుంట అద్భుతముగా ముగించి, రెండవదాని కడ సంచిలో రెండు డ్రైవర్లుండుట కనుగొనెను. పదునైదవ కఱ్ఱకు రెండు దెబ్బల శిక్ష పడినది. ఎక్కువైనందులకు శిక్ష కలదు గాని తక్కువైనందులకు లేదు. 1916లో చిక్ ఎవాన్స్ ఏడే కఱ్ఱలతో అమెరికా ఓపెను గెలిచెను. ఆయన 286 దెబ్బల లెక్కను ఇరువది యేండ్లవరకు ఎవరును దాటలేకపోయిరి.

మేము ఎవాన్స్ వంటివారము కాము. మాకు ఏడు కఱ్ఱల యోచన వచ్చుటకు కారణము ఒక విమానము, ఒక వెన్నెముక.

విమానము మాట మొదట చెప్పుదుము. మేము విశాఖపట్టణమున ముడసర్లోవ కడనున్న ఈస్టు పాయింటు మైదానమున ఆడుకొనువారము. హైదరాబాదు వెళ్ళినపుడు బేగంపేటలో దిగు అలవాటు 2008 మార్చిలో పోయి, శంషాబాదులో దిగు అలవాటు వచ్చినది. గోల్ఫు కఱ్ఱలను విమానములో చేతిసంచితో తీసికొనిపోనీయరు. క్రికెట్టు బ్యాటువలెనే అవియు నిషిద్ధ వస్తువుల పట్టికలో చేరినవి. సామానుగా వేయవలసినదే. దేశములో తిరుగు విమానములలో ఉచితముగా వేయుదమన్న సాధారణముగా 15 కిలోలు. ఒక్కొక కఱ్ఱ 300 గ్రాములు మొదలు అరకిలో దాక తూగును. పదునాలుగును కలిసి ఆరు కిలోలకు దగ్గర. సంచి మూడు కిలోలు, పైతొడుగు రెండు, బూట్లు ఒకటి, ఒక్కొకటి 46 గ్రాముల చొప్పున డజను బంతులు అరకిలోకు పైన. ఇక ధోవతికి, తువాలుకు మిగులునది రెండు కిలోలే. పెండ్లికి పోవువాడు కఱ్ఱలకు సుంకము కట్టి పట్టుపంచె ఇంట వదలిన కథ మా యింట నేటికిని చెప్పుకొందురు; అది మా కథయే.

వెన్నెముక మా మిత్రునిది. ఆయన చెన్నపురిలో స్థిరపడిన తెలుగువారు, మాకంటె ఆరేండ్లు పెద్ద, మేము అన్నగారూ అని పిలుచువారము. వెన్నుకు శస్త్రచికిత్స జరిగిన పిదప బరువు మోయరాదని వైద్యులు ఖండితముగా చెప్పిరి. ఆడవచ్చునా యని అడుగగా మెల్లగా ఆడవచ్చు ననిరి. సంచి మోయుటకు కేడీలుండగా ఈయనకేమి యని శ్రోతలు అనుకొనవచ్చును. మేమును అట్లే అంటిమి. ఆయన ఒప్పుకొనలేదు. నలువది యేండ్లుగా తన సంచి తానే మోసినవాడు. దానిని మానుట ఆటను మానుటకు మొదటి మెట్టని ఆయన భయము. ఆ భయము వట్టిదని చెప్పుటకు మాకు నోరు రాలేదు. పలుచని గుడ్డసంచి, ఏడు కఱ్ఱలు, ఆరు బంతులు కలిపి తూచినచో ఐదు కిలోలకు లోబడును. అంతవరకు పరవాలేదని వైద్యులవద్ద మాట తెచ్చుకొనెను.

అపుడు టెలిఫోనులో మా యిద్దరి మంతనము మొదలైనది. గోల్ఫు నియమములలో చాలమంది గమనింపని వెసులుబాటు ఒకటి కలదు. ఇద్దరు ఒక పక్షముగా ఆడునపుడు, ఇద్దరి కఱ్ఱలును కలిసి 14కు మించనిచో ఒకరివి ఒకరు వాడుకొనవచ్చును. ఎదుటిపక్షమువారివి మాత్రము ముట్టరాదు. ఏడును ఏడును పదునాలుగు! మేము ఎగిరి గంతు వేసితిమి. పట్టరు మాత్రము ఎవరిది వారికే. అది చేతికి పాదరక్షవంటిది. తక్కిన పండ్రెండింటిని పంచుకొంటిమి. ఆయనకు డ్రైవరు, ఐదు వుడ్, బేసి ఐరనులు ఐదు, ఏడు, తొమ్మిది, శాండ్ వెడ్జి. మాకు మూడు వుడ్, నాలుగవ నంబరు హైబ్రిడు, సరి ఐరనులు ఆరు, ఎనిమిది, పిచింగ్ వెడ్జి, 52 డిగ్రీల వెడ్జి. కాగితముపై నిచ్చెన సంపూర్ణముగా నున్నది. కాగితముపై సంపూర్ణముగా లేని దేది?

క్రిందటి మాఘమాసమున ఒక ఉదయము ఆయన చెన్నపురినుండియు, మేము విశాఖనుండియు శంషాబాదులో దిగితిమి. సముద్రపు ఒడ్డునుండి 617 మీటర్ల యెత్తున దిగినాము గదా, గాలి పలుచన, బంతి కొంత ఎక్కువ దూరము పోవునని మేము లెక్కలు చెప్పితిమి. వెయ్యి అడుగులకు నూటికి ఒకటి చొప్పున, ఈ దక్కను పీఠభూమిపై నూరు గజములకు రెండు గజములు కలియును. "మనము కొట్టు దెబ్బలలో రెండు గజముల మాట యెందుకు తమ్ముడూ, ఇరువది గజముల మాట చెప్పుము" అని ఆయన నవ్వెను. ఆరాంఘర్ కడ వంతెనదారి నెక్కి మెహదీపట్నములో దిగి, టోలిచౌకి మీదుగా గోలకొండ చేరితిమి.

హైదరాబాదు గోల్ఫు మైదానము గోలకొండకోటలో నయా ఖిల్లా యను భాగమున నున్నది. 1656లో మొగలుల దాడికి ముందు జాగ్రత్తగా అబ్దుల్లా కుతుబ్ షా కోటను ఈ వైపునకు పెంచెను. ఆ ప్రాకారములలోనే హతియాన్ అను బ్రహ్మాండమైన బావోబాబు చెట్టు నేటికిని నిలిచియున్నది. దాని మొదలు చుట్టుకొలత 27 మీటర్లు. ఫిరంగులకై కట్టిన బురుజులు చూచుచుండగా 46 గ్రాముల తెల్లని బంతిని కొట్టుట కొంచెము సిగ్గుగానే యుండును. చరిత్రభూమిలో ఆటస్థలము తగునా యన్న వివాదమును మేమెరుగుదుము. అది వేరొక ప్రసంగమునకు వస్తువు.

అక్కడి సభ్యులిరువురు మాకు ప్రతిపక్షము. మొదటి మూడు గుంటలలోనే మా పంపకము బండారము బయటపడినది. అన్నగారి బంతి ఎడమకు, మా బంతి కుడికి. ఆయనకు ఎనిమిదవ నంబరు కావలెను. అది మా సంచిలో. మాకు ఏడవది కావలెను. అది ఆయన సంచిలో. నడుమ డెబ్బది గజముల గడ్డి. వెన్ను నొప్పి గలవానిని ఎన్నిసార్లు అటునిటు నడిపింతుము? మేమే పరుగెత్తితిమి. నాలుగవ గుంట కడ వెనుకవచ్చు జట్టు నడుముపై చేతులు వేసికొని నిలుచుండగా, ఆటను ఆలస్యము చేయుటకు కూడ శిక్ష కలదని ప్రతిపక్షమువారు మర్యాదగా గుర్తుచేసిరి. అటుపై ఎవరి ఏడు కఱ్ఱలతో వారే ఆడితిమి.

అన్నగారు ఒక కేడీని పెట్టుకొని, కూలి పూర్తిగా ఇచ్చి, సంచి మాత్రము తానే మోయుచుండెను. బంతి జాడ చూచుట, సలహా చెప్పుట ఆ యువకుని పని. ఒకచోట 135 గజములు మిగిలెను. అన్నగారు ఏడవ నంబరు తీయబోగా, "ఏడు పెద్దగైతది సార్" అని అతడు మెల్లగా అనెను. "ఎనిమిది లేదు గదా" అని అన్నగారు. "అయితే ఏడునే కిందికి పట్టుకోండి, ఒక అంగుళం." అట్లే చేయగా బంతి జెండాకు నాలుగు అడుగుల దూరమున ఆగినది. తాను ఎవరో పారవేసిన ఆరవ నంబరు ఐరను ఒక్కదానితోనే ఆట నేర్చుకొంటినని అతడు తరువాత చెప్పెను. దానిని తెరచి పట్టిన వెడ్జి, మూసి పట్టిన నాలుగవ నంబరు. మేము టెలిఫోనులో వారము దినములు చేసిన మంతనమునకు జవాబు అతని చేతిలో నున్నది.

మా పరాభవము పదునొకండవ గుంట కడ జరిగినది. మా బంతి లోతైన ఇసుకగుంటలో పడెను. శాండ్ వెడ్జి అన్నగారి సంచిలో; ఆయన చెట్లవెనుక ఎక్కడనో. పిలుచుటకు అభిమానము అడ్డువచ్చి, పిచింగ్ వెడ్జితో కొట్టితిమి. అది గునపమువలె ఇసుకలోనికి దిగెను, బంతి కదలలేదు. రెండవసారి కొట్టగా గట్టునకు తగిలి మరల కాలికడకే వచ్చినది. మూడవ దెబ్బకు బయటపడితిమి. ఈ రెండు వెడ్జిలకు భేదము వాలులో మాత్రమే కాదు, అడుగులో నున్నది. శాండ్ వెడ్జి అడుగు ఉబ్బుగా నుండి, ముందంచుకంటె క్రిందికి జారియుండును. ఇసుకను కోయక, పడవవలె దానిపై జారి బంతిని పైకి తేలగొట్టును. దీనిని లోకమునకు చూపినవాడు 1932లో బ్రిటిష్ ఓపెను గెలిచిన జీన్ సారజెన్. విమానము లేచునపుడు తోక క్రిందికి దిగి ముక్కు పైకెత్తుట చూచి తనకీ యూహ కలిగినదని ఆయన చెప్పుకొనెడివాడు. సారజెన్ కు విమానము శాండ్ వెడ్జిని ఇచ్చినది. మా చేత విమానమే దానిని మాన్పించినది.

పదునేడవ గుంట కడ ఓడిపోయితిమి. చెట్టునీడను కూర్చుండి, టీ త్రాగుచు పట్టికను తిరుగ వ్రాసికొంటిమి. ఏడు కఱ్ఱలు మాత్రమే గలవాడు తాను బాగుగా కొట్టువానిని గాక, మరియొక దానిచేత చేయింప వీలుకాని పనులు చేయువానిని ముందు ఏరుకొనవలెనని ఈసారి తెలిసినది. మా ఇంటి అద్దమువంటి డ్రైవరును అన్నగారు స్వయముగా కొట్టివేసిరి; మూడు వుడ్డుతో ఇరువది గజములు తగ్గును గాని బంతి దొరకును. పట్టరు, శాండ్ వెడ్జి ఇద్దరికిని తప్పవు. సామాన్యుని ఆటలో పదింట నాలుగు దెబ్బలు పట్టరువే. ఇక పిచింగ్ వెడ్జి, ఎనిమిది, ఆరు, ఒక హైబ్రిడు, మూడు వుడ్. ఐరనుల నడుమ ఇరువది పైచిలుకు గజముల ఖాళీ వచ్చును. దానిని పూడ్చుటకు ఆ యువకుడు చూపిన అంగుళము ఒకటి, ముప్పాతిక విసురు ఒకటి. ఈ రెండును అభ్యాసము చేయనివానికి ఏడు కఱ్ఱలు చాలవని కూడ చెప్పవలెను. మాకు ఇంకను చాలుటలేదు.

కొత్తగా ఆట నేర్వదలచినవారు పదునాలుగింటి ఖరీదు విని వెనుదిరుగుట మేము పలుమారు చూచినాము. స్పెయిను దేశపు బాలేస్టెరోస్ చిన్నతనమున సముద్రతీరపు ఇసుకలో మూడవ నంబరు ఐరను ఒక్కదానితో ఆట నేర్చెను. ఢిల్లీలో కేడీగా సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెను గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అయ్యెను. వాడిన కఱ్ఱలు ఐదారు సగము ధరకు దొరకునపుడు పూర్తి సంచి కొనుమని పిల్లల తండ్రులకు చెప్పువారిని మేము మెచ్చము.

సాయంకాలము శంషాబాదులో సామాను తూచుచోట అన్నగారి సంచి పైతొడుగుతో సహా ఆరు కిలోల రెండువందల గ్రాములు వచ్చినది. ఉదయము చెన్నపురిలో అది ఐదు కిలోల తొమ్మిదివందలట. లోపల చేయిపెట్టి చూడగా ఆయన కఱ్ఱల నడుమ మా ఎనిమిదవ నంబరు ఐరను కనబడినది. ఆయన తీసి ఇవ్వబోయెను; ఉండనిండు, వచ్చే నెల విశాఖ వచ్చునపుడు తెండు అంటిమి. అప్పటికి మేము ఒక శాండ్ వెడ్జి కొనవలసియున్నది.