చలి స్టేషన్లలో నీటి గొట్టాలు – ఇంటివారు తీసుకోవలసిన జాగ్రత్తలు

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిలాస్‌పూర్‌లో నిలబడి గడ్డకట్టిన నీటి గొట్టాల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నిజమే. ఇక్కడ మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు వస్తాయి. శీతకాలం రాత్రి 10 డిగ్రీలకు దిగితే చాలు, మఫ్లర్లు బయటికి తీస్తాం. కాని బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మన పెద్దలు ఈ ఊరు వస్తే, మన పిల్లలు ఇప్పుడు ఇంకా దూరం వెళుతున్నారు. ఒకరికి శ్రీనగర్ పోస్టింగు, ఒకరికి లేహ్. ఇంకొకరి అమ్మాయి అమెరికాలో డాలస్ దగ్గర కాపురం. వేడి ఊళ్ళో పెరిగిన మనకు, చలి ఊళ్ళో నీళ్ళు ఎలా ప్రవర్తిస్తాయో ఎవరూ చెప్పరు. అంచేత ఈ నాలుగు మాటలు.

ముందు కారణం చూద్దాం. నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టంలో ఒకచోట మంచు బిరడాలా బిగుసుకుంటుంది. ఆ మంచు పెరుగుతున్నకొద్దీ, దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిమీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టమైనా పగులుతుంది. చాలాసార్లు పగిలేది మంచు ఉన్నచోట కాదు, దానికి కాస్త దూరంలో. పైగా పగిలిన సంగతి అప్పుడే తెలియదు. ఎండ వచ్చి మంచు కరిగాక ఇల్లంతా నీళ్ళయినప్పుడు తెలుస్తుంది.

సున్నా డిగ్రీలకే గొట్టాలు పగులుతాయా అంటే, సాధారణంగా పగలవు. మన లంబసింగిలోనూ, ఇక్కడికి దగ్గరున్న అమర్‌కంటక్‌లోనూ కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకు వెళతాయి. గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది గాని గొట్టాలు పగలవు. ఇన్సులేషన్ లేని గొట్టాలకు అసలు ప్రమాదం సుమారు మైనస్ 6, 7 డిగ్రీల దగ్గర మొదలవుతుందని అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వారి పరిశోధనలో తేలింది. గాలి విసురుగా తగిలేచోట ఇంకా ముందే కావచ్చు. శ్రీనగర్‌లో 2024 డిసెంబరు 21 తెల్లవారుజామున మైనస్ 8.5 నమోదయింది. ఊరంతా కుళాయిలు బిగుసుకుపోయాయి.

కశ్మీరువారు డిసెంబరు 21 నుంచి 40 రోజుల గట్టి చలిని చిల్లాయ్ కలాన్ అంటారు. మన సంక్రాంతి ఆ రోజుల్లోనే వస్తుంది. పండక్కి సెలవు దొరికిందని క్వార్టరుకు తాళం వేసి విశాఖపట్నం బండి ఎక్కేస్తాం. వెనక్కి వచ్చేసరికి గోడలోంచి నీళ్ళు. అందుకని చలి స్టేషన్ నుంచి సెలవు మీద బయలుదేరేటప్పుడు ముందు గీజర్ స్విచ్ ఆపండి. తర్వాత మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి గొట్టాలు ఖాళీ చేయండి. తిరిగి వచ్చాక గీజర్‌లో నీళ్ళు నిండాయని చూసుకున్న తర్వాతే స్విచ్ వేయాలి.

ఇంట్లో ఉన్నప్పుడు చేయవలసింది ఇంకా సులువు. క్వార్టరులో దిగిన మొదటిరోజే మెయిన్ వాల్వు ఎక్కడుందో భార్యాభర్తలిద్దరూ చూసుకోవాలి. అది తిరుగుతున్నదో లేదో తిప్పి చూడాలి. తిరగకపోతే ఎం.ఇ.ఎస్. కంప్లయింటు రిజిస్టరులో ఆరోజే రాయించండి. గోడ బయట కనబడే గొట్టాలకు అసలైన ఇన్సులేషన్ దొరికితే మంచిది. లేకపోతే గోనెసంచులు, గడ్డి చుట్టి, తడవకుండా పైన ప్లాస్టిక్ కట్టండి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. చుట్టిన గుడ్డ వేడి పుట్టించదు, ఉన్న వేడిని కాసేపు నిలబెడుతుంది, అంతే. బాగా చలి ఉన్న రాత్రి చివరి కుళాయిని సన్నటి ధారగా వదలండి. కదిలే నీరు ఆలస్యంగా గడ్డకడుతుంది. ఒకవేళ గడ్డకట్టినా తెరిచి ఉన్న కుళాయి వల్ల ఒత్తిడి బయటికి పోతుంది. ఆ ధార కింద బకెట్టు పెడితే నీళ్ళూ వృథా కావు.

లడఖ్‌లో గొట్టాలను నేలలో చలి దిగే లోతుకు ఇంకా కిందుగా పాతుతారు. రైల్వేవారూ ఇదే సమస్యను ఎదుర్కొన్నారు. 2025 జూన్ 6న ప్రారంభమైన కట్రా–శ్రీనగర్ వందే భారత్ రైలులో నీటి ట్యాంకులకు, గొట్టాలకు వేడినిచ్చే ఏర్పాట్లు పెట్టారు. రైల్వే ఊరివాళ్ళం కనుక ఇది మనకు తెలియవలసిన సంగతి.

సరే, గొట్టం గడ్డకట్టేసింది అనుకోండి. తొందరపడకండి. కుళాయి తెరిచి ఉంచండి. గొట్టం పొడుగునా చూడండి. పగులు కనబడితే వెంటనే మెయిన్ వాల్వు కట్టేయండి. కనబడకపోతే ఒకరిని వాల్వు దగ్గర నిలబెట్టి పని మొదలుపెట్టండి. వేడి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు చుట్టవచ్చు. గొట్టం తడి లేకపోతే హెయిర్ డ్రయ్యర్ వాడవచ్చు. కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాలి. మధ్యలో వేడిచేస్తే కరిగిన నీటికి పోయే దారి ఉండదు. మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోయకండి, గొట్టం చిట్లవచ్చు. బ్లోల్యాంపు, కాగడా, కిరసనాయిలు గుడ్డ అసలే వద్దు. ఇళ్ళు అంటుకున్నాయి, మనుషులు కాలారు. గీజర్ వైపు గొట్టాలు బిగుసుకున్నాయని అనుమానముంటే స్విచ్ వేయకండి. వేడెక్కిన నీటికి వ్యాకోచించడానికి చోటుండదు.

డాలస్ సంగతి కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరి 16న అక్కడ సుమారు మైనస్ 19 డిగ్రీలు నమోదయింది. టెక్సాస్ మనలాగే వేడి ప్రాంతం. అక్కడ చాలా ఇళ్ళలో గొట్టాలు అటకల మీదుగా, బయటి గోడల్లోంచి వెళతాయి. కరెంటు పోయింది, హీటర్లు ఆగిపోయాయి, గొట్టాలు పగిలి పైకప్పులు కూలాయి. ఎంతోమంది తెలుగువాళ్ళు ఆ వారం బకెట్లతో గడిపారు. వేడి కోసం కట్టిన ఇల్లు చలికి తట్టుకోలేదు. మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలిసిన ఇల్లు మాత్రం తక్కువ నష్టంతో బయటపడింది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఆ వారం టెక్సాస్‌లో చలికి చనిపోయినవారు ఎక్కువే. వారికి తోడు, ఇంట్లో జనరేటరు, మూసిన గ్యారేజీలో కారు నడిపి విషవాయువు పీల్చి పోయినవారూ ఉన్నారు. 2025 జనవరిలో శ్రీనగర్ పాంద్రేఠన్‌లో ఒక అద్దె ఇంట్లో ఒకే కుటుంబానికి చెందిన 5 గురు ఊపిరాడక చనిపోయారు. బొగ్గుల కుంపటి, బుఖారీ, గ్యాస్ హీటరు, వీటన్నిటి నుంచీ కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, కడుపులో తిప్పడం, మగత, ఆపైన లేవలేరు. స్నానాల గదిలో గొట్టం కరుగుతుందని కుంపటి పెట్టి తలుపులు వేసేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నిప్పున్న గదికి గాలి వచ్చే సందు ఉండాలి. పడుకునేముందు నిప్పు బయట పెట్టాలి. గొట్టం పగిలితే ఎం.ఇ.ఎస్. వారు కొత్తది వేస్తారు. మనిషిని ఎవరు తెచ్చిపెడతారు?

సియాచిన్‌లో మన జవాన్లు స్టవ్వు మీద మంచు కరిగించి తాగునీరు చేసుకుంటారు. అలాంటిచోట పనిచేసే కుర్రవాడి మనసు ఫామిలీ క్వార్టరు మీదే ఉంటుంది. ఇంటి దగ్గర అంతా బాగుందన్న ధైర్యం అతనికి ఇవ్వడం మన చేతుల్లో ఉంది. అందుకు రెండే మాటలు గుర్తుంచుకోండి: నీటికి దారి ఇవ్వండి, గాలికి దారి ఇవ్వండి. పోస్టింగు ఆర్డరు వచ్చిన ప్రతి తమ్ముడికీ, వెంట వెళ్ళే ప్రతి చెల్లెమ్మకూ ఈ రెండు మాటలూ చెప్పి పంపండి.