సూరత్ పత్తి, అమెరికా కవరు

(సూరత్‌లో పనిచేస్తున్న తెలుగు సిబ్బంది, వారి కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు పని ముగిశాక కూడా కాగితాల గురించే మాట్లాడతానంటే మీకు విసుగు రావచ్చు. అయితే నేను చెప్పబోయేవి వోచర్లు కావు, లోను పత్రాలు కావు. నూట అరవై ఏళ్ల కిందటి అమెరికా తపాలా బిళ్ళలు, బొమ్మల కవర్లు. వాటిని సేకరించడం నాకు సరదా. అరుదైనవి కొనే స్తోమత నాకు లేదు. అప్పట్లో లక్షల్లో అచ్చయినవి, ఇప్పటికీ తక్కువ ధరకు దొరికేవి కొన్ని నా దగ్గరున్నాయి. సూరత్‌లో ఉండి అమెరికా కవర్లేమిటని మిత్రులు అడుగుతుంటారు. ఆ కవర్లకీ ఈ ఊరికీ, మన బ్యాంకు ఉద్యోగానికీ కూడా సంబంధం ఉంది.

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ 1840లో ఇంగ్లండులో వచ్చింది. దాంతోపాటే మల్‌రెడీ అనే చిత్రకారుడు గీసిన బొమ్మతో కవర్లూ వేశారు. ఏనుగులు, ఒంటెలు ఉన్న ఆ బొమ్మను చూసి జనం నవ్వారు. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుంది. అమెరికాలో దేశమంతటికీ చెల్లే బిళ్ళలు 1847 జూలై 1న వచ్చాయి. 5 సెంట్ల బిళ్ళమీద ఫ్రాంక్లిన్, 10 సెంట్ల బిళ్ళమీద వాషింగ్టన్. 1852లో సింధ్ కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ కరాచీలో విడుదల చేసిన బిళ్ళలు ఆసియాలోనే మొదటివి. ఈ ఫ్రియర్ దొర పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

1861లో అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలైంది. అచ్చాఫీసులు పోటీపడి కవర్లమీద జెండాలు, గద్దలు, లింకన్ ముఖం, ఎదుటి పక్షాన్ని వెక్కిరించే బొమ్మలు వేశాయి. వేల రకాలొచ్చాయి. జనం ఉత్తరం రాయడానికే కాదు, దాచుకోవడానికీ కొన్నారు. దక్షిణాదిలో మాత్రం కాగితం కరువై, గోడలకు అతికించే రంగు కాగితాన్ని కత్తిరించి కవర్లు చేసుకున్నారు. వాడిన కవరునే లోపలి వైపు బయటికి తిప్పి మళ్ళీ వాడారు. పక్కపక్కన పెడితే ఎవరి దగ్గర సరుకుందో, ఎవరి దగ్గర లేదో ఆ కవర్లే చెబుతాయి.

2016 నవంబరులో మన కౌంటర్ల ముందు నిలిచిన వరుసలు మీకు గుర్తుండే ఉంటాయి. 1861లో అమెరికా తపాలా శాఖ అలాంటి పనే చేసింది. దక్షిణాది పోస్టాఫీసుల్లో బోలెడన్ని బిళ్ళలు మిగిలిపోయాయి. వాటిని అమ్మి శత్రువు సొమ్ము చేసుకుంటాడన్న భయంతో ఆగస్టు నుంచి కొత్త బిళ్ళలు తెచ్చి, పాతవి కొద్ది రోజుల్లో మార్చుకోమని, ఆ తర్వాత చెల్లవని చెప్పింది. పాత బిళ్ళ గుర్తింపబడదు అని ముద్ర వేసిన కవర్లు కొన్ని మిగిలాయి. వాటికోసం సేకర్తలు ఎగబడతారు.

మరుసటి ఏడాది ఇంకో చిత్రం జరిగింది. జనం నాణేలు దాచేసుకోవడంతో చిల్లర కరువైంది. తపాలా బిళ్ళలే చిల్లరగా చలామణీ అయ్యాయి. జేబులో చెమటకు అంటుకుపోతున్నాయని జాన్ గాల్ట్ అనే వ్యాపారి బిళ్ళను ఇత్తడి బిళ్ళలో బిగించి, పైన అభ్రకం రేకు పెట్టి 1862 ఆగస్టులో పేటెంటు తీసుకున్నాడు. నిన్న చెల్లని కాగితం, ఇవాళ నాణెం! కాగితానికి విలువ దానిమీది అంకె ఇవ్వదు. దాని వెనక నిలబడేవాళ్ళమీద ఉన్న నమ్మకం ఇస్తుంది.

ఇక సూరత్ సంగతి. ఆ యుద్ధంతో అమెరికా పత్తి ఆగిపోయింది. దానిమీదే బతికే లాంకషైర్ మిల్లులు మన పశ్చిమ తీరం పత్తివైపు తిరిగాయి. ఆ పత్తికి అక్కడ పేరు ‘సూరత్’. పోగు పొట్టి, చెత్త ఎక్కువ, మగ్గం మీద తెగిపోయేది. కూలీలు ఎంత విసిగిపోయారంటే, నాసిరకానికి సూరత్ అన్నమాట మారుపేరైంది. అయినా గత్యంతరం లేక కొన్నారు. బొంబాయిలోకి డబ్బు వరదలా వచ్చింది. అప్పుడు బొంబాయి గవర్నరు ఎవరనుకున్నారు? ఆ బార్టిల్ ఫ్రియరే.

ఆ వరదలో పైకొచ్చినవాడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. 1831లో సూరత్‌లోనే పుట్టాడు. పత్తి రాజనీ, షేర్ల రాజనీ పిలిచేవారు. ఆయన మాట మీద బ్యాంక్ ఆఫ్ బాంబే షేర్లు హామీగా పెట్టుకుని, కొన్నిసార్లు వట్టి పూచీ మీదే అప్పులిచ్చింది. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. పత్తి ధర కూలింది, షేర్లు చిత్తుకాగితాలయ్యాయి, ప్రేమ్‌చంద్ దివాలా తీశాడు. 1868లో ఆ బ్యాంకు మూతపడింది. అదే పేరుతో కొత్త బ్యాంకు పెట్టారు. అది 1921లో ఇంపీరియల్ బ్యాంకులో, దాని ద్వారా 1955లో స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆ బ్యాంకును ముంచింది సాక్ష్యం చూడకుండా పేరు చూసి నమ్మడమే.

కవర్ల సేకరణలో నేర్చుకునేదీ ఇదే. యుద్ధకాలపు వాడని బొమ్మల కవరు చవగ్గా దొరుకుతుంది. దానికో పాత బిళ్ళ అతికించి, దొంగ ముద్ర కొట్టి పది రెట్లకు అమ్మేవాళ్ళున్నారు. అందుకని చెక్కు చూసినట్టే చూడాలి. ముద్ర సగం బిళ్ళమీద, సగం కవరుమీద పడిందా? ఆ దూరానికి అప్పటి రేటు సరిపోయిందా? మామూలు ఉత్తరానికి సాధారణంగా 3 సెంట్లు. తేదీకీ బిళ్ళకీ పొత్తు కుదిరిందా? 1861 జూన్ ముద్ర కింద ఆగస్టులో వచ్చిన కొత్త బిళ్ళ ఉంటే, బొమ్మ ఎంత ముద్దొచ్చినా అది మోసమే.

అందుకే అనుభవజ్ఞులు కవరు నుంచి బిళ్ళను ఊడదీయవద్దంటారు. నీళ్ళలో నానబెట్టి తీస్తే బిళ్ళ ఒక్కటే మిగులుతుంది. ఎవరు, ఎక్కడినుంచి, ఎవరికి, ఎప్పుడు అన్న నాలుగు సంగతులూ పోతాయి.

చివరగా ఒక్క మాట. ఈ ఊళ్ళో లింబాయత్ వంటి పేటల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చిన మన పద్మశాలీలు ఎంతోమంది మగ్గాల మీద బతికారు, బతుకుతున్నారు. ఒకప్పుడు వాళ్ళు ఇంటికి పంపిన డబ్బు మనియార్డరు మీదే వెళ్ళేది. ఫారం అడుగున ఉండే చిన్న కూపను మీద రెండు ముక్కలు రాసేవారు: పిల్లవాడి ఫీజు కట్టండి, అమ్మకు మందులు కొనండి అని. డబ్బు ఖర్చయిపోయింది. కూపను మాత్రం ఏ ట్రంకు పెట్టెలోనో ఉండవచ్చు. అమెరికా యుద్ధకాలపు కవర్లు భద్రంగా ఉన్నాయంటే, ఆ రోజుల్లోనే వాటిని దాచాలనుకున్నవాళ్ళు ఉండబట్టే. మనవాటిని దాచాలని ఇంకా ఎవరూ అనుకోవడం లేదు. ఇల్లు మారినప్పుడల్లా, ముసలివాళ్ళు పోయినప్పుడల్లా అవి పాత కాగితాలవాడి తూకంలోకి వెళ్తున్నాయి.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దలను అడగండి. దొరికితే బిళ్ళ కత్తిరించకండి, జిగురు పెట్టకండి, ప్లాస్టిక్ కవర్లో కాక శుభ్రమైన కాగితంలో మడత విప్పి పెట్టండి. ఎవరు ఎవరికి రాశారో విడిగా ఒక చీటీమీద రాసి పక్కన ఉంచండి. వాటికి బజార్లో ధర పలకకపోవచ్చు. కానీ మనవాళ్ళు ఈ ఊళ్ళో ఎలా బతికారో రేపు ఎవరైనా అడిగితే, చూపించడానికి ఉన్న సాక్ష్యం అవే.