గొంతులోని ఉండ

మంజీరా పరీవాహక ప్రాంతమున, నారాయణఖేడ్‌కు చేరువనున్న మనూరునకు మేమొకప్పుడు జానపద గీతముల ధ్వనిముద్రణకై వెళ్లితిమి. పాడుచున్న ఒక గృహిణి నడుమ ఆగి, “గొంతుల ఉండ అడ్డంబడ్డట్టయితది” అనెను. పక్కవారు నవ్విరి. ఆ నవ్వు వెనుక రెండువేల ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు.

గ్రీకు భాషలో గర్భాశయమునకు ‘హిస్టెరా’ అని పేరు. అది చోటు తప్పి పైకెగసి ఊపిరి నడ్డగించునని ప్రాచీన గ్రీకు వైద్యులు కొందరు తలచిరి. ఆ భావమే యునానీ వైద్యమున ‘ఇఖ్తినాఖుర్రహిమ్’, అనగా గర్భాశయము వలని ఉక్కిరిబిక్కిరి, అను పేరున నిలిచినది. ఐరోపా వైద్యులు గొంతులోని ఉండను ‘గ్లోబస్ హిస్టెరికస్’ అనిరి. తలలో మేకు దిగినట్టి పోటును ‘క్లావస్ హిస్టెరికస్’ అనిరి. 1682లో ఈ వ్యాధిని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు సిడెన్‌హామ్ ఇది పురుషులకును వచ్చునని చెప్పినను, నింద మాత్రము స్త్రీల మీదనే నిలిచినది.

మన చరకసంహితలో ‘అపతంత్రకము’ కలదు. వాతము పైకెగసి హృదయమును, శిరస్సును పీడించును. దేహము వింటివలె వంగును. రోగి పావురమువలె కూయును. ఆ పేరులో స్త్రీ ప్రసక్తి లేదు. ఆధునిక కాలమున హిస్టీరియాకు సమానార్థకముగా వాడుకకు వచ్చిన ‘యోషాపస్మారము’లోనో, ‘యోష’ యనగా స్త్రీయే! పేరు మారుటతో వ్యాధి ఒక జాతికి అంటగట్టబడినది.

1968లో మాల్కంసన్ అను వైద్యుడు ‘హిస్టెరికస్’ను తొలగించి, కంఠమును సూచించు ‘గ్లోబస్ ఫారింజియస్’ అను పేరు ప్రతిపాదించెను. 1980లో అమెరికా మనోవైద్యుల వ్యాధిపట్టిక హిస్టీరియా అను రోగనామమును విడిచినది. గొంతులో ఉండ యున్నట్లు తోచుటకు జీర్ణాశయపు ఆమ్లము పైకెగయుట, కంఠ కండరముల బిగువు, మనోవేదన మున్నగునవి కారణములు కావచ్చును. ఏదియైనను అది నటన కాదు. మ్రింగుట కష్టమైనను, బరువు తగ్గినను, గొంతు బొంగురు వీడకున్నను వైద్యపరీక్ష తప్పనిసరి.

నవ్వు సద్దుమణిగిన పిమ్మట, ఎన్నాళ్లనుండి ఇట్లున్నదని ఆమెను మేమడిగితిమి.

“మూడేండ్లాయె. ఇంతదాంక ఎవ్వరడగలే” అనెను.

శ్రోతలారా, పేరు పెట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్న అదియే.