రేడియో తరంగములను నిలువరించు గది

పెద్ద ఆసుపత్రులలో ఎమ్మారై యను పరీక్ష జరుగుచుండునని మీలో పలువురు ఎఱుగుదురు. రోగిని గదిలోనికి గొనిపోయి, బరువైన తలుపును బిగించి, బంధువులను సాధారణముగ వెలుపలనే నిలుపుదురు. ఆ తలుపును అంత గట్టిగా బిగించుట యెందులకు? ఆ గోడలలో నేమున్నది? నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

మన చుట్టును రేడియో తరంగములు నిరంతరము సంచరించుచుండును. రేడియో కేంద్రములును సెల్‌ఫోనులును బుద్ధిపూర్వకముగ పంపునవి కొన్ని. మెఱుపులనుండియు, మోటారు స్విచ్చులలోని నిప్పురవ్వలనుండియు పుట్టునవి మఱికొన్ని. పొలమున మోటారు వేయగానే రేడియోలో గరగర వినబడుట మీలో కొందఱి యనుభవములోనిదే. మనకది చెవులకు విసుగు మాత్రమే. ఎమ్మారై గదిలో నట్లు కాదు. ఆ యంత్రము రోగి శరీరమునందలి హైడ్రోజను పరమాణువులనుండి వచ్చు మిక్కిలి బలహీనమైన రేడియో సంకేతమును గ్రహించి, దానినుండి చిత్రమును గీయును. 1.5 టెస్లాల బలముగల యంత్రమున ఆ సంకేతమునకు సెకనునకు సుమారు 6.4 కోట్ల కంపనము లుండును. వెలుపలినుండి అట్టి తరంగమే లోనికి చొచ్చినచో చిత్రమున చారలు పడును, రోగచిహ్నము మఱుగుపడవచ్చును.

దీనికి మూలమైన యుపాయమును ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే 1836లో చూపెను. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 12 అడుగులుగల చెక్కచట్రమును కట్టించి, దానిపై రాగితీగలను, తగరపురేకు పట్టీలను అమర్చి, అంతటికిని బలమైన విద్యుత్తు నెక్కించెను. వెలుపలి భాగమునుండి నిప్పురవ్వలు ఎగయుచుండ, ఆయన లోపలనుండి పరికరములతో పరీక్షించెను. విద్యుత్ప్రభావము లేశమైనను కానరాలేదు. లోహమునందు స్వేచ్ఛగా చలించు విద్యుత్కణములు తామే సర్దుకొని, లోపలి ప్రభావమును రద్దుచేయుటయే యిందులకు కారణము. రేడియో తరంగము తగిలినప్పుడును ఆ కణములే చలించి, దానిని చాలవఱకు వెనుకకు మరలించును.

కావుననే ఎమ్మారై గది గోడలకును, కప్పునకును, నేలకును సాధారణముగ రాగిరేకు తొడుగుదురు. కిటికీ యద్దమునకు సన్నని లోహపువల అమర్తురు. వలకన్నములు తరంగపు పొడవుకంటె మిక్కిలి చిన్నవి కావున వెలుగు వచ్చును గాని రేడియో తరంగము రాజాలదు.

అయితే చెఱువుకట్ట యెంత బలమైనదైనను ఒక్క గండి చాలును గదా! ఇచట గండ్లు రెండు విధములు. మొదటిది అతుకుల సందు. అది వెడల్పున వెండ్రుకంతయే యైనను పొడవు హెచ్చినచో తరంగము దూరును. అందులకే తలుపు అంచుల పొడవునను, చట్రమును గట్టిగ తాకునట్లు స్ప్రింగులవంటి లోహపుపట్టీలు అమర్తురు. రెండవది తీగ. లోనికి పోవు విద్యుత్తీగ వెలుపలి తరంగములను తనవెంట గొనివచ్చును. కావున గోడ దాటుచోట నే ఫిల్టరు నుంచి వానిని వడగట్టుదురు.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. పాడుచున్న చిన్న ట్రాన్సిస్టరును స్టీలు డబ్బాలో నుంచి మూత బిగింపుడు. పాట క్షీణించును, లేదా ఆగిపోవును. మూతను కొంచెము తెఱచినచో మరల వినవచ్చును.

ఇక ముఖ్యమైన మాట యొకటి. రాగిగోడ రేడియో తరంగములను ఆపును గాని, యంత్రములోని అయస్కాంతశక్తిని ఆపజాలదు. ఆ శక్తి పరీక్ష లేనప్పుడును ఉండును. 2018లో ముంబయిలోని యొక ఆసుపత్రిలో ప్రాణవాయువు సిలిండరుతో ఎమ్మారై గదిలోనికేగిన రోగిబంధు వొకడు ఆ యాకర్షణమునకు లోనై మరణించెను. కావున మీరు ఎవరినైనను ఆ పరీక్షకు తోడ్కొని పోయినప్పుడు, సిబ్బంది యనుమతి లేనిదే గడప దాటకుడు. తాళపుచెవులు, కత్తి, సెల్‌ఫోను మొదలగువానిని వెలుపలనే యుంచుడు. రోగి గుండెకు పేస్‌మేకరు గాని, శరీరమున లోహపు ముక్క గాని యున్నచో ముందుగనే తెలుపుడు. తలుపు మూయుట చిత్రమును కాపాడును. ఈ జాగ్రత్త ప్రాణమును కాపాడును.