ప్రాధాన్యం మాటలొద్దు, నంబరు ఇవ్వండి

(వృద్ధులు, వికలాంగుల ఇళ్ల సమస్యపై జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



ఇంటి స్థలాల కోసం మనం చానా సభలు పెట్టుకున్నాం. ఈ రోజు అద్దె ఇంటి గురించి మాట్లాడదాం. డెబ్బై ఏళ్ల అవ్వకు ఊరి బయట పట్టా ఇచ్చి కట్టుకోమంటే ఏం కడుతుంది? కాళ్లు లేని తమ్ముడు పునాది తవ్వుతాడా? వాళ్లకు కావలసింది ఆస్పత్రికి, రేషన్ షాపుకు దగ్గర్లో, మెట్లు లేని ఒక గది. అద్దె పింఛనులో ఇమడాలి.

బయట అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు. గేటు దగ్గరే "మీరేమిట్లు?" అంటారు. చెప్పామా, టు-లెట్ బోర్డు మాయం. కులం గండం దాటితే వయసు గండం. ముసలోళ్లు తమ ఇంట్లో పోతే మైల అంటారు.

2020లో లాక్‌డౌన్ పెట్టి వలస కూలీలను వందల మైళ్లు నడిపించాక కేంద్ర ప్రభుత్వానికి అద్దె ఇల్లు గుర్తొచ్చింది. ఆ జూలైలో పట్టణ పేదలకు, వలస కూలీలకు అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. పాత పట్టణ పథకాల కింద కట్టి ఖాళీగా పడేసిన ఇళ్లు దేశంలో 83 వేలకు పైగా ఉన్నాయని తనే లెక్క తీసింది. మూడేళ్లలో అద్దెకు మార్చినవి వాటిలో పదో వంతు కూడా లేవు.

ఆ పథకం కాగితంలో ఎస్సీ, ఎస్టీలకు, వితంతువులకు, వికలాంగులకు ప్రాధాన్యం అని రాశారు. ఇంకోచోట, అద్దెను పనిచేసే చోట జీతంలోంచే పట్టుకోవచ్చని రాశారు. ఇక్కడ కాస్త ఆలోచించండి. మంచం పట్టిన మన తాతకు జీతమేది? యజమాని ఎవడు? ప్రాధాన్యం కాగితం మీద మనకు, తాళంచెవి జీతగాడికి!

2024 సెప్టెంబరులో మొదలైన రెండో విడత పట్టణ ఆవాస్ యోజనలోనూ అద్దె ఇళ్ల భాగం ఉంది. ఈసారి వృద్ధులకూ ప్రాధాన్యం అన్నారు. సంతోషం. కానీ మన అవ్వది ఎన్నో నంబరు? ఆమెకు ముందు ఎవరు, వెనక ఎవరు? అది చెప్పనిదే ప్రాధాన్యం ఉత్త మాట.

అమెరికా సంగతి చూడండి. 1959 గృహ చట్టంతో అక్కడ వృద్ధులకు వేరుగా అద్దె ఇళ్లు కట్టడం మొదలైంది. ఇప్పుడు వాటిలో అద్దె ఆదాయంలో సుమారు 30 శాతం. అదేం స్వర్గం కాదు. అద్దె సాయానికి అర్హులైన నలుగురిలో ఒకరికే అది అందుతోంది, మిగతావాళ్లకు ఏళ్ల తరబడి ఎదురుచూపులే. అక్కడా వివక్ష ఉంది. చికాగోలో ప్రభుత్వ ఇళ్లను నల్లవాడల్లోనే కట్టారు. తెల్లవాడల్లోని నాలుగు సముదాయాల్లో నల్లవాళ్లను కోటా పెట్టి ఆపారు. 1966లో వాళ్లు కోర్టుకెక్కారు. వెయిటింగ్ లిస్టులో అత్యధికులు నల్లవాళ్లే. లిస్టంటూ ఉంది కాబట్టే ఎవరిని దాటేశారో తేలింది. 1969లో గెలిచారు.

మనకు ఆ లిస్టే లేదు. లిస్టు లేనిచోట మోసానికి రుజువుండదు. ఎమ్మెల్యే చీటీ, దళారీ చేయి, ఇవే నడుస్తాయి.

అందుకే మన డిమాండ్లు ఇవి. ప్రతి మున్సిపాలిటీలో వృద్ధులకు, వికలాంగులకు అద్దె ఇళ్ల లిస్టు వేరుగా పెట్టాలి. అర్జీ ఇచ్చిన రోజే తేదీ వేసి, నంబరుతో రసీదు ఇవ్వాలి. ఆ లిస్టును నెలనెలా ఆఫీసు గోడకు అంటించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ఇళ్ల పథకాల్లో 5 శాతం ఇవ్వాలంటోంది. దాన్ని ఎవరికి ఇచ్చారో ఆ గోడ మీదే చూపాలి. జీతం లేనివాళ్ల అద్దె పింఛనులో ఒక వాటాగా ఉండాలి.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసుకు ఒంటరిగా ఎవరూ పోవద్దు. వాడవాడ నుంచి కలిసి పోదాం. నడవలేని వాళ్లను ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోదాం. రసీదు చేతికి రాకుండా మెట్లు దిగొద్దు.

జై భీం.